ఉలి గాట్లు, తాటి పేళ్లు, గాయపాకు పసరు

వడ్రంగి చేతులు కాసేపు చూస్తే చాలు, ఏ పనిముట్టు ఎక్కడ తగిలిందో చెప్పేయొచ్చు. మా నాన్న ఎడమ చూపుడు వేలి మీద అడ్డంగా ఉన్న తెల్లటి గీత ఉలి గాటు. బొటనవేలి గోరు ఇప్పటికీ మధ్యలో చీలి రెండుగా పెరుగుతుంది, అది సుత్తి దెబ్బ. మోకాలి కింద ముందువైపు ఎముక మీద నున్నగా మెరిసే మచ్చ బాడితది, అంటే చెక్కని చెక్కే చేతిగొడ్డలిలాంటి పనిముట్టుది. చిన్నప్పుడు ఆయన భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చగానే నేనూ తమ్ముడూ చేరి ఆ మచ్చలు తడిమి ఒక్కోదాని కథ అడిగేవాళ్లం. ఆయన విసుక్కునేవారు కాదు. ఏ ఊళ్లో, ఎవరింటి పని చేస్తుంటే తగిలిందో అన్నీ చెప్పేవారు, మనుషుల పేర్లు ఒక్కోసారి తడబడినా అది తుమ్మో, వేపో, టేకో మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

మాది కోనసీమలో అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లెటూరు. ఇంటి పక్కనే తాటాకు పాక, అందులోనే పని. నాకు ఊహ తెలిసేసరికి నాగళ్లు, బండి చక్రాలు చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు గానీ గుమ్మాలు, కిటికీలు, మంచాలు, పెంకుటిళ్లకి దూలాలు, వాసాలు, వీటికి లోటు ఉండేది కాదు. పాకలో కింద ఎప్పుడూ చిత్రిక పొట్టు మెత్తగా పరుచుకుని ఉండేది. పొయ్యి రాజెయ్యడానికి అమ్మ పొద్దున్నే దాన్ని తట్టకెత్తుకుని వెళ్లేది. ఆ పొట్టులో ఏ మేకు దాగి ఉందో తెలియదు కాబట్టి పాకలోకి చెప్పుల్లేకుండా రావద్దని నాన్న ఎన్నిసార్లు చెప్పినా, ఆ రోజుల్లో మాకు చెప్పులంటే బడికో పెళ్లికో వేసుకునేవి.

పాకలో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. పనిముట్టుని దాటకూడదు. దసరాకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసే వస్తువుని కాలు ఎత్తి దాటితే తప్పని మామ్మ చెప్పేది, బాడిత నోరు పైకి ఉన్నప్పుడు దాటితే మడమ తెగుతుందని నాన్న చెప్పేవారు. రెండూ నిజమే అనుకుంటాను. ఉలి పదునుకి ఎదురుగా రెండో చెయ్యి పెట్టకూడదు. బాడితతో చెక్కుతున్న మనిషికి ఎదురుగా నిలబడకూడదు. మేకు తేలిన చెక్కని ఎక్కడ పడేసినా మేకు నేల వైపుకే ఉండాలి. కత్తి గానీ ఉలి గానీ చేతికి చెయ్యి ఇవ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి, చేతికిస్తే ఇద్దరి మధ్యా గొడవలొస్తాయని మామ్మ లెక్క. ఈ మాటల వెనక ఒక్కోదానికీ ఎవరిదో ఒకరి రక్తం ఉందని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. ఇవాళ ఫ్యాక్టరీల్లో గోడలకి అంటించే బోర్డుల కన్నా ఆ మాటలు మా ఒంట్లోకి బాగా ఇంకాయి.

నాన్నకి అన్నిటికన్నా పట్టింపు పదును మీద. మొద్దుబారిన ఉలే చేతిని కోస్తుంది అనేవారు. పదునున్న ఉలి పెట్టినచోట దిగుతుంది, పదును లేనిదాన్ని బలం పెట్టి తోయాలి, తోస్తే జారుతుంది, జారిందంటే ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. ఆయన వేలి మీద గాటు అలా వచ్చిందే. ఎరువు తెచ్చిన ఉలితో నల్లతుమ్మ చెక్కకి బెజ్జం వేస్తుంటే ముడి అడ్డొచ్చింది, తుమ్మలో ముడి అంటే ఇనుమే, దాని మీంచి ఉలి జారి వేలి ఎముక దాకా వెళ్లింది. అప్పట్నుంచి ఎవరి ఉలీ ముట్టుకోలేదు, తన ఉలి ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున్నే సానరాయి మీద నీళ్లు చల్లుకుని కూర్చునేవారు. రాయి మీద బూడిదరంగు బురద తేరేది, దాన్ని వేలితో తుడిచి మళ్లీ నీళ్లు చల్లి, ఉలిని ఒకే వాలులో ముందుకీ వెనక్కీ లాగుతూ ఉండేవారు. చివర్న పదును చూడ్డానికి బొటనవేలి గోరు మీద ఆనించేవారు. గోరు మీద జారితే ఇంకా అవ్వనట్టు, పట్టుకుని ఆగితే అయినట్టు.

గాయం తగిలితే ముందు చెయ్యి పైకెత్తి గట్టిగా నొక్కి పట్టుకోవడం, తర్వాత మమ్మల్ని గాయపాకుకి పరిగెత్తించడం. గడ్డిచేమంతి అని కూడా అంటారు, మధ్యలో పసుపు, చుట్టూ తెల్లటి చిన్న రేకులు, ఆకుల నిండా నూగు. ఎక్కడో మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన మొక్కట, మన పొలం గట్ల మీద, రోడ్ల వారన, పునాది రాళ్ల సందుల్లో అది లేని చోటు లేదు. గుప్పెడు ఆకు తెచ్చి కడిగి, అరచేతుల మధ్య నలిపి పిండితే ముదురాకుపచ్చ పసరు చుక్కలుగా పడేది. పడగానే భగ్గున మండేది, పళ్లు బిగబట్టుకుని ఓర్చుకుంటే కాసేపటికి మంట పోయి చల్లబడేది. పైన పాత పంచె చింపిన పేలిక. రెండు రోజులకి పసరు నల్లగా అట్టకట్టి, దానితోపాటే గాటు మూసుకునేది. ఆ ఆకు వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది నాన్న చెయ్యే.

ఆకు దొరక్కపోతే ఇంట్లో ఏది ఉంటే అది. పసుపు, కాఫీ పొడి, పంచదార. రంపం కోతకి వచ్చేవాళ్లు బీడీ కట్ట మీది కాగితం చింపి తడిపి గాటు మీద అంటించేసుకుని పనిలో పడిపోయేవాళ్లు. కొందరు కిరోసిన్ పోసుకునేవాళ్లు, కొందరు సున్నం. పేడ పెట్టేవాళ్లనీ చూశాను, అది మాత్రం మా ఇంట్లో ఎవరు చెప్పినా నాన్న ఒప్పుకునేవారు కాదు. మామ్మ వాళ్ల తమ్ముడు కాల్లో కర్రపేడు దిగి, అది పైకి మానిపోయినట్టే కనపడి, తర్వాత ధనుర్వాతం వచ్చి పోయాడు. దవడలు బిగుసుకుపోయి గుక్కెడు నీళ్లు కూడా దిగలేదట. అది చెప్పినప్పుడల్లా మామ్మ గొంతు పూడుకుపోయేది. అందుకే పసరు పోసినా, పసుపు పెట్టినా, లోతుగా ఏది దిగినా సాయంత్రానికి ఊళ్లో ఆరెంపీ డాక్టరు దగ్గరికి టీటీ ఇంజెక్షన్‌కి వెళ్లాల్సిందే. స్టీలు డబ్బాలో గాజు సిరంజి కుతకుత ఉడుకుతూ ఉంటే బయట బెంచీ మీద కూర్చున్న మాకు గాయం కన్నా ఆ చప్పుడుకే టెన్షన్. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుందని అప్పుడు అందరూ అనుకునేవాళ్లు. తుప్పులో ఏమీ లేదు. ఆ సూక్ష్మజీవి ఉండేది మట్టిలో, పశువుల పేడలో, గాలి తగలని లోతైన గాయం దొరికితే అక్కడ పెరుగుతుంది. ముల్లు దిగినా, కర్రపేడు దిగినా ప్రమాదం అంతే. ఇప్పుడు టీటీ బదులు టీడీ, అంటే ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకీ కలిపిన టీకా ఇస్తున్నారు, పదేళ్లకోసారి వేయించుకోవాలి, గాయం మట్టి కొట్టుకుపోయి ఉంటే ఐదేళ్లు దాటినా వేయించుకోమంటారు. మన ఊళ్లలో పొలం పనులకి వెళ్లే పెద్దవాళ్లు చిన్న దెబ్బే కదా అని వదిలేస్తుంటారు. ఇది చదివినవాళ్లు ఇంట్లో ఒకసారి అడగండి.

పేళ్ల సంగతి చెప్పాలి. టేకు పేడు మెత్తన, విరిగి వచ్చేస్తుంది. వేపది పర్వాలేదు. తాటి దూలం పేడు మాత్రం వేరు, నల్లటి నార గట్టిగా, సూదిలా, దిగిన చోట ముందు నొప్పి కూడా తెలియదు, రాత్రి పడుకున్నాక సలుపు మొదలవుతుంది. దాన్ని తీయడంలో మా మామ్మకి ఊళ్లో పేరుండేది. దీపం బుడ్డి దగ్గర కూర్చుని, పిన్నీసు మొన ఎర్రగా కాల్చి, చల్లార్చి, మన వేలిని తన మోకాలి మీద బిగించి పట్టుకుని, పేడు దిగిన దారిలోనే చర్మాన్ని సన్నగా ఎత్తుకుంటూ వెళ్లేది. కళ్లజోడు లేదు. "కదలకురా అయ్యా, కదిలితే ఇరుగుద్ది" అంటూ ఏదో ఒక కబురు చెబుతూనే ఉండేది. మొన కనపడగానే రెండు గోళ్లతో పట్టి ఒక్క లాగు. బయటికొచ్చిన పేడుని మన అరచేతిలో పెట్టి చూపించేది, మొత్తం వచ్చిందా లేదా అని మనమే చూసుకోవాలి. ముల్లు లోతుగా దిగి అందకపోతే జిల్లేడు పాలు చుక్క వేసి మర్నాటిదాకా ఆగమనేది, ముల్లు పైకి తేలుతుందని. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, మామ్మకి ఆ సంగతి బాగా తెలుసు, వేసిన వెంటనే మా చేతులూ తన చేతులూ సబ్బు పెట్టి కడిగిస్తే గానీ వదిలేది కాదు.

పెద్ద దుంగలు కోయడానికి ఇద్దరు మనుషులు వచ్చేవాళ్లు. దుంగని ఎత్తున ఏటవాలుగా కట్టి, తాడుకి మసి పూసి బిగించి లాగి వదిలితే దుంగ పొడవునా నల్లటి గీత పడేది. ఒకాయన దుంగ పైన, ఒకాయన కింద, మధ్యలో నిలువెత్తు రంపం. కింద ఉన్నాయన తలకి తువ్వాలు చుట్టుకున్నా పొట్టంతా ఆయన మొహం మీదే రాలేది. రోజూ కంట్లో నలక పడాల్సిందే. "అక్కా, ఓసారి చూడవా" అని అమ్మని పిలిస్తే, అమ్మ ఆయన రెప్ప మడిచి, చీర చెంగు కొన తడిపి నలక తీసేది. బాలింతలున్న ఇంటికి వెళ్లి కంట్లో చనుబాలు వేయించుకునేవాళ్లు కూడా ఉండేవాళ్లు. మంచినీళ్లతో కడుక్కోవడమే మేలు, ఇప్పుడైతే అదే చెప్తాను.

పిల్లలకి అప్పజెప్పే పని వంకర మేకులు సాపు చేయడం. పాత చెక్కల్లోంచి పీకిన మేకులు ఒక్కటీ పారేసేవాళ్లం కాదు. డబ్బాలో వేసి ఉంచితే సెలవుల్లో మేము రాతి మీద పెట్టి సుత్తితో కొట్టి నిటారు చేసేవాళ్లం. మేకు వంపు పైకి ఉండేలా పట్టుకుని కొట్టాలి. కొట్టే క్షణంలో వంపు పక్కకి తిరిగిందా, మేకు చిటుక్కున గిరగిరా తిరిగి ఎగిరిపోతుంది, సుత్తి వేలి మీద పడుతుంది. ఏడో తరగతి సెలవుల్లో నా బొటనవేలికి అదే అయింది. గోరు కింద నల్లగా కమ్మి రాత్రంతా ఒకటే పోటు, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేల్లో కొట్టుకుంది. పొద్దున ఆరెంపీ డాక్టరు పిన్ను కాల్చి గోరు మీద ఆనించారు, గోరు కాలిన వాసన, సన్నటి బెజ్జంలోంచి నల్లటి రక్తం చుక్క పైకి ఉబికింది, అంతే, పోటు అక్కడికక్కడే పోయింది. ఆ హాయి నేను మాటల్లో పెట్టలేను. తర్వాత గోరు ఊడి కొత్తది రావడానికి ఆరు నెలలు పట్టింది. నాన్న ఆ రోజు ఏమీ అనలేదు, మర్నాడు మాత్రం మేకుల డబ్బా పక్కన పాత పట్టకారు ఒకటి పెట్టి ఉంది.

బయటి పనుల దెబ్బలు మళ్లీ వేరు. దడి కట్టడానికి తాటి మట్టలు మోసుకొస్తే అంచున ఉండే రంపపు పళ్లు భుజాన్ని గీరేవి. తుమ్మకంప కొడితే ముల్లు హవాయి చెప్పుని దాటుకుని అరికాల్లోకి వచ్చేది. మట్టల సందున కందిరీగలుంటే సున్నం డబ్బా వెతుక్కోవడమే. మామిడి చెట్టెక్కితే ఎర్రచీమలు, దిగితే సొన అంటుకున్నచోట కాలినట్టు నల్ల మచ్చ. కొబ్బరికాయలు ఒలిచే పని పెద్దవాళ్లదే. నేలలో పాతిన గునపం మొన మీద కాయని పొడిచి తిప్పాలి, మణికట్టు లెక్క తప్పితే మొన ముంజేతికి వస్తుంది. మా బాబాయి దగ్గరుండి నేర్పినా ఆ మొన ఎదురుగా నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నడుం పట్టేస్తే కథ ఇంకోలా ఉండేది. ఒకసారి దూలం ఎత్తుతూ నాన్న నడుం పట్టి వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తొక్కితే పోతుందని నమ్మకం కదా, మా వీధి చివర అలా పుట్టిన అత్తయ్య ఒకావిడ ఉండేది. కబురు పెడితే చేస్తున్న వంట ఆపి వచ్చింది. "అన్నయ్యగారూ, ఏమనుకోకండేం" అని దణ్ణం పెట్టుకుని మరీ నడుం మీద పాదం ఆనించింది. తర్వాత వావిలాకు మరగబెట్టిన నీళ్లు, ఇసక మూటతో కాపడం, మూడు రోజులు చాప మీదే. దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను గానీ, పిలవగానే పొయ్యి దింపుకుని వచ్చే మనిషి వీధిలో ఉండడం ఎంత ధైర్యమో మాత్రం తెలుసు.

ఇక 96 తుఫాను. నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది, వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే మాకు తెలిసిన ఊరు లేదు. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్లతో సహా, కొన్ని నడిమికి విరిగి, నిలబడ్డవాటి మొవ్వులు మెలితిరిగిపోయి. మా పాక ఎగిరిపోయింది, పనిముట్ల పెట్టె మీద దూలం పడడంతో అదొక్కటీ కదలకుండా ఉంది. ఆ తర్వాత నెలల తరబడి ఊరంతా వడ్రంగి పనే. కరెంటు లేదు, లాంతర్ల వెలుగులో వాసాలు ఎక్కించేవాళ్లు. మోకాలి లోతు నీళ్లలో, బురదలో నడుస్తుంటే కింద ఏముందో కనపడదు, పగిలిన పెంకులు, విరిగిన కిటికీ అద్దాలు, మేకులున్న చెక్కలు. కాలికి గుడ్డ కట్టుకోని మనిషి ఊళ్లో లేడు. మెడికల్ క్యాంపు పెడితే టీటీ కోసం బడి దగ్గర పెద్ద వరస.

పడిపోయిన చెట్టుని కోయడం నిలబడ్డ చెట్టుని కొట్టడం కన్నా ప్రమాదం అని అప్పుడే చూశాను. మాను ఒక చివర గోడ మీద, ఒక చివర కాలవ గట్టు మీద ఆని ఉంటుంది, లోపల ఎటు బిగిసి ఉందో పైకి తెలియదు. రంపం సగానికి దిగాక ఫట్‌మని విడిపోయి ఎగిరి కొడుతుంది. మా బాబాయికి అలాగే మోకాలి కింద తగిలి నెల్లాళ్లు కుంటారు. అప్పట్నుంచి నాన్న ముందు మాను చుట్టూ తిరిగి, ఎక్కడ వంగిందో వంగి చూసి, చేత్తో తట్టి, మోకు కట్టించి గానీ రంపం పెట్టనిచ్చేవారు కాదు. ఆ మోకులు లాగి లాగి అందరి అరచేతులూ ఒలిచినట్టయ్యాయి. రాత్రి ఇంటికొచ్చి అమ్మ కాచిన కొబ్బరి నూనె రాస్తుంటే, నాన్న మాత్రం రేపు ఎవరింటి కప్పు ముందు కట్టాలో చెబుతూ ఉండేవారు. పసిపిల్లలున్న ఇళ్లు ముందు, మాది చివర్న. సంక్రాంతి దాకా మేము పైన టార్పాలిన్ కట్టుకుని ఉన్నాం. దానికి అమ్మ ఒక్కనాడూ సణగలేదు, నాకిప్పటికీ ఆ ఇద్దరి మీదా గౌరవం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు తమ్ముడికి అమలాపురంలో షాపు ఉంది. కటింగ్ మిషను, ప్లేనింగ్ మిషను, ప్లైవుడ్డు, లామినేటు. బాడిత పట్టేవాళ్లు లేరు. మిషను దెబ్బకి మచ్చ మిగలదు, వేలే పోతుంది, ఈ పనిలో అలా వేళ్లు పోయినవాళ్లని మేమిద్దరం ఎరుగుదుం. అందుకని తమ్ముడు ఉంగరాలు, చేతికి దారాలు తీయించేస్తాడు, కళ్లకి అద్దాలు పెట్టుకోకపోతే పని ఇవ్వడు, బ్లేడు గార్డు విప్పి పక్కన పెట్టినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేస్తాడు. చిన్న చెక్కని బ్లేడు దగ్గరికి చేత్తో తోయకూడదు, ఇంకో చెక్కతో తోయాలి. నాన్న పాకలో పుట్టిన కట్టుబాట్లకి ఇవి కలిశాయి.

నాన్న రోజూ పొద్దున వెళ్లి షాపు ముందు కుర్చీలో కూర్చుంటారు. వినికిడి తగ్గింది గానీ మిషను మోత తేడా వస్తే అందరికన్నా ముందు ఆయనకే తెలుస్తుందంటాడు తమ్ముడు. మొన్నామధ్య కొత్తగా చేరిన కుర్రాడు మెడలో తువ్వాలు వేసుకుని మిషను స్విచ్చి మీద చెయ్యి వేయబోతే, "ఒరేయ్ అబ్బాయ్, ముందు ఆ తువ్వాలు తియ్యి" అని వీధి అవతలికి వినపడేలా కేకేశారట. వాడు ఉలిక్కిపడి, "ఆయ్, తీసేస్తున్నానండీ" అని దాన్ని మేకుకి తగిలించేదాకా ఆయన కుర్చీలో కూర్చోలేదట.